బంతి వేయు చేతికి వెల యెంత?

వానయు నీరును కఱవగుట రాయలసీమవారికి క్రొత్త కాదు కాని, రచ్చబండపై వాదమునకు మాత్ర మిచట నెన్నడును కఱవు రాలేదు. శనగల ధర, కాలువ నీటి వంతు, ఎన్నికల జయాపజయములు - వీనితోనే ప్రొద్దు పుచ్చుచుండిన మన ప్రాంతపు పురుషులకు 2025వ సంవత్సరాంతమున నొక నూతన విషయము దొరకినది. ఆ యేడు నవంబరు 27వ తేదీన ఢిల్లీ నగరమున స్త్రీల క్రికెట్టు జట్లకై వేలము జరిగెను. అందు మన కడప జిల్లా బాలిక, ఎడమచేతితో బంతి వేయు నల్లపురెడ్డి శ్రీచరణిని ఢిల్లీ క్యాపిటల్స్ జట్టువారు 1 కోటి 30 లక్షల రూపాయలకు దక్కించుకొనిరి. ఆ వెల యెక్కువయా, తక్కువయా? ఎర్రగుంట్లలోని టీకొట్టు మొదలు కర్నూలులోని కళాశాల మైదానము వఱకు నిదియే ప్రశ్న. మా యింటి యరుగుపై సాయంకాలము చేరు విద్యార్థులును దీనిని గూర్చియే గొంతులు చించుకొనుచుండిరి. వంటయింటినుండి వినుచుండిన మాకు, ఈ వాదమును మన సోదరీమణుల యెదుట నుంచి, అందలి తప్పొప్పులను నిదానముగా విచారింపవలెనని తోచినది.

ముందుగా వేలమను పదమును గూర్చి యొక మాట. "పిల్లను వేలము వేసినారట" యని వినగానే మన యిండ్లలోని పెద్ద ముత్తైదువులు ముక్కుపై వ్రేలు వేసికొందురు. వేలమనగా మన మెఱిగినది చెఱువులోని చేపలకును, ఊరుమ్మడి చింతచెట్ల కాపునకును జరుగు పాట. ఆడుదానికి వెల యనగానే కాశీ నడివీథిలో నిలిచిన చంద్రమతి కన్నులకు కట్టును. కురుసభలో పణముగా నొడ్డబడిన ద్రౌపది జ్ఞప్తికి వచ్చును. చంద్రమతి భర్త ఋణము తీర్చుటకై యమ్ముడువోయినది. ద్రౌపదిని అడుగకయే యొడ్డిరి. ఇరువురిలో నెవ్వరికిని తన వెలలో నొక కాసైనను దక్కలేదు. ఈ క్రికెట్టు వేలము అట్టిది కాదు. క్రీడాకారిణి తన పేరును తానే నమోదు చేయించుకొనును. సర్కారు పాట యనదగిన కనిష్ఠపు వెల ముందే నిర్ణయమై యుండును. జట్ల యజమానులు దానిపై పెంచుకొనుచు పోవుదురు. పాట యెచట నాగునో ఆ సొమ్ము ఆమెకే చెందును. అమ్ముడుపోవునది మనిషి కాదు, నియమితకాలము ఆడుదునను మాట మాత్రమే. పెద్ద లీ భేదమును గ్రహించినచో వారి సంకోచము చాలవఱకు తీరును.

ఇక నీ బాలిక యెవరు? శ్రీచరణి 2004వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన జన్మించినది. స్వగ్రామము వీరపునాయునిపల్లె మండలములోని ఎర్రమల్లె. తండ్రి రాయలసీమ తాపవిద్యుత్కేంద్రమున నుద్యోగి. బాల్యమున పరుగుపందెములు, ఖోఖో, బ్యాడ్మింటను ఆడినది; క్రికెట్టును పట్టుదలతో చేపట్టినది 16వ యేట. మొదట వేగముగా బంతి వేయుచుండి, పిమ్మట త్రిప్పుడు బంతికి మఱలినది. 2024 డిసెంబరు 15న బెంగుళూరులో జరిగిన వేలమున 10 లక్షలతో మొదలైన యామె పాట 55 లక్షలకు ఢిల్లీవారిపై కొట్టివేయబడెను. 2025 ఏప్రిలులో కొలంబోలో భారతజట్టున ప్రవేశించినది. జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండుపై తాను ఆడిన మొట్టమొదటి 20 ఓవర్ల యంతర్జాతీయ పోటీలో 12 పరుగులు మాత్రమే యిచ్చి 4 వికెట్లు పడగొట్టెను. ఆ వరుస పోటీలలో మొత్తము 10 వికెట్లు తీసి, ఉత్తమ క్రీడాకారిణి బహుమాన మందుకొనెను. పిదప ప్రపంచకప్పులో 14 వికెట్లు తీసెను. మన జట్టులో 22 వికెట్లు తీసిన దీప్తిశర్మ తరువాతి స్థాన మీమెదే. నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో నోడించి భారతస్త్రీలు తొలిసారిగా ప్రపంచకప్పును చేకొనిరి. రాష్ట్రప్రభుత్వ మీ బాలికకు రెండున్నర కోట్ల రూపాయలను, కడపలో 1000 గజముల యింటిస్థలమును, గ్రూప్-1 ఉద్యోగమును ప్రకటించెను. ఇది జరిగిన కొన్ని దినములకే ఢిల్లీ వేలము.

స్త్రీల ప్రీమియర్ లీగు 2023లో ప్రారంభమైనది. అందలి యైదు జట్లలో తెలుగునాటి జట్టొకటియు లేదు. అయినను ఒక్క బాలిక కొఱకై మనవారు ఢిల్లీ జట్టును తమదిగా జేసికొనిరి. ఆ జట్టు 2023, 2024, 2025 - మూడేండ్లును తుదిపోటీ వఱకు వచ్చి మూడేండ్లును ఓడినది. కనుక వీరి యాత్రమునకు హేతువు లేకపోలేదు. వాదులు మూడు తెగలుగా నున్నారు.

మొదటి తెగవారు వెల తక్కువ యందురు. అదే వేలమున దీప్తిశర్మకు 3 కోట్ల 20 లక్షలును, న్యూజిలాండు దేశపు అమేలియా కెర్‌కు 3 కోట్లును పలికినవి. ప్రపంచకప్పున దీప్తి తరువాత మనకు ఎక్కువ వికెట్లు తెచ్చిన బాలికకు అందు సగమైనను రాకపోవుట అన్యాయమని వీరి మొఱ. రెండవ తెగవారు వెల యెక్కువ యందురు. ప్రపంచకప్పు 50 ఓవర్ల యాట; లీగు 20 ఓవర్ల యాట. ఇందు బంతి వేయువారికి దక్కునవి నాలుగు ఓవర్లు, అనగా 24 బంతులు మాత్రమే. తుదిపోటీలో నామె తీసినది ఒకే వికెట్టు. ఒకసారి పేరు వచ్చిన పిమ్మట ఎదిరి జట్లు ఆమె చేతి కదలికను పదేపదే చూచి మర్మము కనిపెట్టునని వీరి శంక. మూడవ తెగవారికి వెలతో పని లేదు. "ఢిల్లీవారు మొదట విడిచిపెట్టి, మరల నెందుకు కొనవలె? ఇది యవమానము కాదా?" యని వీరి కినుక.

మూడవవారికి సమాధానము సులభము. ఆ వేలమునకు ముందు జట్లన్నియు తమ క్రీడాకారిణులలో గరిష్ఠముగా నైదుగురను మాత్రమే నిలుపుకొనవచ్చునని నియమము. ఢిల్లీవారు జెమీమా రోడ్రిగ్స్, షఫాలీ వర్మ మొదలగు నైదుగురను నిలుపుకొనిరి. మిగిలిన వారందఱును వేలమునకు పోవలసినవారే. విడిచిన దానిని బహిరంగముగా పాడి తిరిగి దక్కించుకొనుట యవమానము కాదు, ఆదరమే.

మొదటి తెగవారు మఱచునది యొకటి కలదు. దీప్తిశర్మ బంతి వేయుటయే కాక బ్యాటుతోను ఆదుకొనును. తుదిపోటీలో నామె 58 పరుగులు చేసి 5 వికెట్లు తీసెను. రెండు పనులు తెలిసిన చేతికి ఒక పని తెలిసిన చేతికన్న కూలి యెక్కువ యుండుట మన కళ్ళములలోను ఉన్నదే.

రెండవ తెగవారి శంకకు మాత్రము కొంచెము వివరముగా బదులు చెప్పవలెను. త్రిప్పుడు బంతిని ఎడమచేతితో వేసినపుడు, కుడిచేతివాటముతో బ్యాటు పట్టిన యామెకు అది నేలను తాకిన పిమ్మట దూరముగా తొలగిపోవును. అందుకొనబోయిన బ్యాటు అంచునకు తగిలి వెనుకనున్న కీపరు చేత పడును. ముందునకు వచ్చి కొట్టబోయి తప్పినచో కీపరు వికెట్లను కూల్చును. అదే చేతి కదలికతో నొకానొక బంతి తిరుగక తిన్నగా వచ్చును. తిరుగునని నమ్మి యాడినచో అది కాలికి తగులును. తుదిపోటీలో అనెకె బోష్ యను క్రీడాకారిణి యిట్లే కాలికి బంతి తగిలి, ఒక్క పరుగైనను చేయక వెనుదిరిగెను. కుడిచేతివాటమువా రెక్కువగా నుండు లోకమున నిట్టి యెడమచేయి అరుదు, అరుదైనదానికే వెల.

వికెట్లు మాత్రమే లెక్కించుటయు తగదు. ప్రపంచకప్పు సెమీఫైనలున ఆస్ట్రేలియావారు మనపై 338 పరుగులు చేసిరి. శ్రీచరణి తన 10 ఓవర్లలో 49 పరుగులు మాత్రమే యిచ్చి 2 వికెట్లు తీసెను. అనగా నామె యోవరునకు అయిదైనను ఇయ్యలేదు. తక్కినవారు సగటున నేడుకు పైగా నిచ్చిరి. ఇల్లాలు సంపాదించిన దాని నెల్లరు చూతురు. దుబారా కాకుండ నిలిపిన దానిని చూచువారు తక్కువ. బంతియాటలోను ఇంతియే. 24 బంతులతో పోటీ యెటు మొగ్గునో నిర్ణయించు వేళ, పరుగు లియ్యని చేయి వికెట్టు తీయు చేతికి తీసిపోదు. ఎదిరి జట్లు ఆమె మర్మమును కనిపెట్టుననుట నిజమే కావచ్చును. కాని బంతిని వేగమునుండి త్రిప్పుటకు మార్చుకొన్న బాలిక మరల నేర్వజాలదని యెట్లనగలము?

ఈ సందర్భమున కర్నూలువారు తమ బిడ్డను తలంపక మానరు. ఆదోనిలో పుట్టిన అంజలి శర్వాణియు ఎడమచేతివాటమే. కాని యామెది వేగపు బంతి. 2022 డిసెంబరు 9న నవీ ముంబయిలో ఆస్ట్రేలియాపై భారతజట్టున ప్రవేశించెను. 2023 ఫిబ్రవరిలో జరిగిన మొదటి వేలమున యూపీ వారియర్జ్ జట్టువారు ఆమెను 55 లక్షలకు తీసికొనిరి. కడప బాలికకు తొలిసారి పలికినదియు సరిగా నంతే. ఆ సంవత్సరమే చీనాదేశమున జరిగిన ఆసియా క్రీడలకు అంజలి యెంపికయ్యెను గాని, మోకాలి గాయముచే పోలేకపోయెను. ఆమె లేని జట్టు స్వర్ణపతకముతో తిరిగి వచ్చెను. అరుగుపై కూర్చుండి కోట్లు లెక్కించువారు ఈ విషయమును మఱవరాదు. క్రీడాకారిణి వెల యనగా ఆమె మోకాలు, భుజము, నడుము - వీని పంట. మన మెట్టపొలము పంట వలెనే అది యే యేటి కాయేడు. కనుక మంచి యేట వచ్చిన ధరను చూచి కన్ను కుట్టించుకొనుట ధర్మము కాదు.

ఇంకొక లెక్క కూడ చూతము. స్త్రీల లీగున ఆ వేలమునకై ఒక్కొక్క జట్టునకు నియమింపబడిన మొత్తము 15 కోట్లు. పురుషుల లీగున 2024 నవంబరులో ఋషభ్ పంత్ అను ఒక్క క్రీడాకారునికి పలికిన వెల 27 కోట్లు. అనగా స్త్రీల జట్టంతయు కలిసినను ఒక పురుషుని వెలకు తూగలేదు. దేశము తరఫున ఆడునపుడు పోటీకి నిచ్చు వేతనమున మాత్ర మీ భేదము లేదు. 2022 అక్టోబరులో క్రికెట్టు బోర్డువారు స్త్రీపురుషుల కిరువురకును పోటీకి సమాన వేతనము ప్రకటించిరి: టెస్టునకు 15 లక్షలు, 50 ఓవర్ల పోటీకి 6 లక్షలు, 20 ఓవర్ల పోటీకి 3 లక్షలు. కాబట్టి కడప బాలికకు కోటి ముప్పది లక్షలు ఎక్కువ యనువా రొకమా రీ 27 కోట్ల వైపు చూచి మాటలాడుట మేలు.

మాకు తోచిన ముఖ్యాంశ మిది. మన సీమలో నిరువదేండ్ల పిల్లను గూర్చి నలుగురు కూర్చుండి లక్షల లెక్కలు వేయుట క్రొత్త కాదు. అది కట్నము లెక్క. 1961లోనే కట్నమును నిషేధించు చట్టము వచ్చినను ఆ లెక్క ఆగలేదు. అందు సొమ్ము పిల్ల తండ్రి చేతినుండి పోవును. పిల్ల పని యేమి, నేర్పేమి యని యడుగువారు లేరు. ఇపుడు మొదటిసారిగా అదే రచ్చబండపై ఒక పిల్ల భుజబలమును, ఓర్పును, లక్ష్యశుద్ధిని గూర్చి పురుషులు తగవులాడుచున్నారు. సొమ్మును ఆమె చేతికే వచ్చుచున్నది. వాదమున నెవరు గెలిచినను మాకు సమ్మతమే. ఈ వాదము జరుగుటయే మాకు సంతోషము.

అయినను సంతోషముతోనే తృప్తిపడరాదు. ఉపాధ్యాయుని కుటుంబముగా పలు పల్లెలలో కాపురముండి మేము చూచిన దేమనగా, బడి గంట కొట్టిన వెంటనే మైదానము మగపిల్లల సొత్తు. ఆడపిల్లలు పుస్తకముల సంచితో గోడవెంట నడచి యింటికి పోవుదురు. శ్రీచరణి క్రికెట్టు చేపట్టిన 16వ యేడే మన యిండ్లలో పిల్లను ఆటలు మాన్పించు వయస్సు. ఆమె యింటివారు కూడ నట్లే తలంచియున్నచో నేడీ వాదమే లేదు. ఎడమచేయి సంగతియు నిట్టిదే. పసిబిడ్డ యెడమచేత బలపము పట్టగానే చేతిపై కొట్టు తల్లులు నేటికిని కలరు. రెండు చేతులను సమానముగా బాణము వేయు నర్జునునికి సవ్యసాచి యని బిరుదిచ్చి పొగడిన మనము, మన యింటి పిల్ల యెడమచేతిని సిగ్గుగా నెంచుట యేల? భోజనమునకు ఆచారమును పాటింతురు గాక. బలపమునకును బంతికిని ఆ నిర్బంధ మక్కఱలేదు.

2025 అక్టోబరు 12న విశాఖపట్టణపు క్రీడాప్రాంగణములో ప్రేక్షకులు కూర్చుండు రెండు భాగములకు మిథాలీ రాజ్ పేరును, ఆంధ్రదేశపు వికెట్ కీపరు రావి కల్పన పేరును పెట్టిరి. ఆ దినముననే అచట శ్రీచరణి ఆస్ట్రేలియాపై 41 పరుగు లిచ్చి 3 వికెట్లు తీసెను. పేర్లు పెట్టుట మంచిదే. అంతకన్న మంచిది, ప్రతి యున్నతపాఠశాలలోను సాయంకాలము ఒక గంట మైదానమును ఆడపిల్లలకు విడిచిపెట్టుట. దీనికి కోట్లు అక్కఱలేదు. ప్రధానోపాధ్యాయుని యనుమతియు, నలుగురు తల్లుల పట్టుదలయు చాలును. రాబోవు వేలములలో మన బిడ్డల వెల పెరుగునో తరుగునో వాదింపదలచిన పురుషులు వాదింతురు గాక. మన మా లోపల మన యూరి బడికి పోయి ఆ గంటను అడిగి తెత్తము.