యుక్తి, అనుభవం: తర్కసంగ్రహ దీపిక చూపిన మార్గం

జ్ఞానానికి మూలం యుక్తియా, అనుభవమా అనే ప్రశ్న 17, 18 శతాబ్దాల పాశ్చాత్య తత్త్వచింతనలో ప్రధాన వివాదమై నిలిచింది. డెకార్ట్, లైబ్నిట్జ్ మొదలైనవారు బుద్ధికి సహజసిద్ధమైన కొన్ని భావనలున్నవని, వాటినుండి గణితంలో వలె నిశ్చితజ్ఞానాన్ని సాధింపవచ్చునని వాదించారు. పుట్టుకతో మనస్సు వ్రాతలేని తెల్లకాగితం వంటిదని, దానిపై వ్రాసేది అనుభవమేనని లాక్ ప్రతిపాదించాడు. హ్యూమ్ ఈ వాదాన్ని తుదివరకు నడిపి, కార్యకారణసంబంధమే అనుభవానికి అందదని 1748లో వెలువడిన గ్రంథంలో చూపాడు. కాంట్ 1781లో ఉభయపక్షాలను సమన్వయింప యత్నించాడు.

ఈ వివాదాన్ని మన దర్శనాలతో పోల్చేటప్పుడు అనుభవమంటే ప్రత్యక్షమని, యుక్తి అంటే అనుమానమని సమీకరించి, చార్వాకుని అనుభవవాదిగాను, నైయాయికుని యుక్తివాదిగాను లెక్కించడం తరచు కనబడుతుంది. ఈ సమీకరణం బోధనకు సౌకర్యంగా ఉన్నా శాస్త్రానికి సరిపడదు. న్యాయమతంలో ప్రత్యక్షానుమానాలు ప్రతిస్పర్ధులు కావు. ఒకటి లేనిదే మరొకటి నిలువని సహకారులు. ఈ విషయాన్ని నిరూపించడానికి దూరపు గ్రంథాలను వెదకవలసిన పని లేదు. మన విద్యార్థులు న్యాయశాస్త్ర ప్రవేశానికి మొదట చదివే తర్కసంగ్రహం, దానికి గ్రంథకర్తయే రచించిన దీపిక ఇందుకు చాలును. కాశికి పోయినంతమాత్రాన ఎవడూ అన్నంభట్టు కాలేడని లోకోక్తిని సంపాదించుకొన్న ఆ 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు, బాలబోధకమైన చిన్న గ్రంథంలోనే ఈ వివాదపు మూలాన్ని స్పృశించాడు.

పదాల విషయం

ముందుగా పదాలను సరిచూచుకోవాలి. తర్కసంగ్రహంలో బుద్ధి స్మృతి అని, అనుభవమని రెండు విధాలు. యథార్థానుభవం ప్రత్యక్షం, అనుమితి, ఉపమితి, శాబ్దం అని నాలుగు విధాలు. అనగా అనుమితి కూడ అనుభవమే. నేడు మనం ఇంద్రియానుభవమనే అర్థంలో వాడే 'అనుభవ' శబ్దానికి, న్యాయపరిభాషలోని 'అనుభవ' శబ్దానికి వ్యాప్తిలో ఎంతో భేదమున్నది. అనుభవానికి ఎదురు పక్షంలో అనుమానాన్ని నిలబెట్టడం ఈ పరిభాష ప్రకారం పొసగదు.

యుక్తి అనే అర్థంలో లోకంలో వ్యవహరింపబడే తర్కశబ్దం మరింత ఆశ్చర్యం కలిగిస్తుంది. అన్నంభట్టు అయథార్థానుభవాన్ని సంశయం, విపర్యయం, తర్కం అని మూడుగా విభజించాడు. శాస్త్రానికే పేరైన తర్కం అయథార్థజ్ఞానాల జాబితాలో చేరింది! 'అగ్నియే లేకున్న ధూమం కూడ ఉండదు' అనేది తర్కం. అగ్ని ఉన్నచోట అగ్ని లేదని బుద్ధిపూర్వకంగా ఆరోపించి, దానివలన కలిగే అనిష్టాన్ని చూపడం దీని స్వరూపం. ఆరోపం కనుక ఇది ప్రమ కాదు. నిజానికిది విపర్యయంలోనే అంతర్భవించినా ప్రమాణాలకు అనుగ్రాహకం గనుక వేరుగా చెప్పబడిందని దీపిక వివరిస్తున్నది. కేవలయుక్తి స్వయంగా సత్యాన్ని ఇవ్వదు, సత్యాన్నిచ్చే ప్రమాణానికి అడ్డు తొలగిస్తుంది. ఈ ఒక్క విభాగంతోనే నైయాయికుడు పాశ్చాత్యుల యుక్తివాదంనుండి వేరుపడుతున్నాడు.

ప్రత్యక్షానికి ప్రాథమ్యం

గౌతముడు న్యాయసూత్రాలలో ప్రత్యక్షాన్ని నిర్వచించిన వెంటనే అనుమానాన్ని ప్రత్యక్షపూర్వకమని నిర్వచించాడు. ప్రత్యక్షాగమాలచేత తెలిసిన దానిని మరల పరీక్షించేది గనుకనే ఆన్వీక్షికి అనే పేరు వచ్చిందని, ప్రత్యక్షాగమాలకు విరుద్ధమైన అనుమానం న్యాయాభాసమని వాత్స్యాయనుడు వ్యాఖ్యానించాడు. హేత్వాభాసాలలో బాధితానికి అన్నంభట్టు ఇచ్చిన ఉదాహరణం ఈ నియమానికే రూపం. అగ్ని ద్రవ్యం గనుక ఉష్ణం కాదని ఎవరైనా అనుమానించవచ్చు. పంచావయవాలూ సక్రమంగానే అమరవచ్చు. అయినా చేతికి తగిలిన వేడి ఆ అనుమానాన్ని కొట్టివేస్తుంది. ఇక్కడ అనుభవమే అధికారి.

ప్రత్యక్షం ఆగే చోటు

అయితే ప్రత్యక్షం ఒకచోట ఆగిపోతుంది. ఎక్కడెక్కడ ధూమమున్నదో అక్కడక్కడ అగ్ని ఉన్నదనే వ్యాప్తి తెలియనిదే అనుమానం లేదు. మనం చూచినవి వంటయిల్లు మొదలైన కొద్ది తావులు. వ్యాప్తి మాత్రం గడచిన, రాబోయే, దేశాంతరాలలో ఉన్న ధూమాలన్నిటికీ సంబంధించినది. చూడని వాటిని గూర్చి చూచిన కన్ను ఎట్లా సాక్ష్యమిస్తుంది? మాధవుని రచనగా ప్రసిద్ధమైన 14వ శతాబ్దపు సర్వదర్శనసంగ్రహం చార్వాకుని నోట పలికించిన ఆక్షేపం ఇదే. వ్యాప్తిని బాహ్యప్రత్యక్షం చూపలేదు, మానసప్రత్యక్షం చూపలేదు. అనుమానంచేతనే తెలుసుకొందామంటే అనవస్థ. జయరాశిభట్టు తత్త్వోపప్లవసింహంలో మరొక అడుగు ముందుకు వేసి, ప్రత్యక్షలక్షణాన్ని సైతం ఖండించాడు. ఈ గ్రంథం 1940లో బరోడానుండి ముద్రితమైన తరువాత చార్వాకులందరూ ప్రత్యక్షైకప్రమాణవాదులే అనే అభిప్రాయాన్ని సవరించుకోవలసి వచ్చింది. లోకప్రసిద్ధమైన అనుమానాన్ని అంగీకరించి, లోకాతీత విషయాలలో మాత్రమే నిరాకరించిన పురందరుని మతాన్ని కమలశీలుడు పేర్కొన్నాడు. కనుక చార్వాకపక్షంలోనే మతభేదాలున్నవి.

ధర్మకీర్తి ఈ చిక్కును తాదాత్మ్యం, తదుత్పత్తి అనే రెండు సంబంధాలతో పరిష్కరింపబూనాడు. శింశుప వృక్షమే గనుక శింశుపాత్వం వృక్షత్వాన్ని సాధిస్తుంది. ధూమం అగ్నినుండి పుట్టింది గనుక అగ్నిని సాధిస్తుంది. కాని కృత్తికోదయాన్ని చూచి రోహిణి ఉదయింపనున్నదని ఊహించేచోట ఈ రెండింటిలో ఏదీ లేదని ప్రతివాదులు చూపారు. వ్యాప్తికి మరింత విశాలమైన ఆధారం కావలసివచ్చింది.

వజ్రం చెప్పే పాఠం

పలుమార్లు చూడడమే, అనగా భూయోదర్శనమే ఆ ఆధారమా? కాదని దీపిక ఒక ఉదాహరణతో చెప్తున్నది. పార్థివమైనదెల్ల ఇనుముచేత గీయదగినదని నూరుమార్లు చూడవచ్చు. వజ్రం ఎదురైన క్షణంలో ఆ నియమం భగ్నమవుతుంది. వజ్రం పార్థివమే, కాని ఇనుము దానిని గీయలేదు. నవ్యన్యాయంలో ముందే ఉన్న ఈ ఉదాహరణాన్ని అన్నంభట్టు చక్కగా వినియోగించుకొన్నాడు. నిన్నటివరకు ఆకలి తీర్చిన రొట్టె రేపు కూడ తీర్చునని ఏ యుక్తి హామీ ఇస్తుందని హ్యూమ్ వేసిన ప్రశ్నకు ఇది సగోత్రమే. హ్యూమ్ అలవాటు అనే సమాధానంతో ఆగాడు. దీపిక అక్కడ ఆగదు. సహచారాన్ని చూడడంతోపాటు వ్యభిచారజ్ఞానం లేకపోవడం కూడ కావాలని చెప్తున్నది. వ్యభిచారజ్ఞానం నిశ్చయరూపం, శంకారూపం అని రెండు విధాలు. శంక కొన్నిచోట్ల సహజంగానే పుట్టదు. పుట్టినచోట దానిని తొలగించేది తర్కం. అగ్ని లేకుండ ధూమముండవచ్చునా అనే శంక కలిగితే, అట్లయిన వాని కార్యకారణభావమే భంగపడుతుందని తర్కం హెచ్చరిస్తుంది. అనుభవం సంచయించిన దానికి యుక్తి కావలి కాస్తున్నది.

ఆ తర్కానికి కూడ వ్యాప్తి కావాలి గదా, మరల అనవస్థ కాదా? ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో వ్యాఘాతమే శంకకు అవధి అని సమాధానమిచ్చాడు. తన ఆచరణకే విరుద్ధమయ్యేవరకు మాత్రమే ఎవడైనా శంకింపగలడు. శ్రీనాథుని శృంగారనైషధం ద్వారా తెలుగువారికి సుపరిచితుడైన శ్రీహర్షుడు, ఖండనఖండఖాద్యంలో ఆ మాటనే తిప్పికొట్టి, వ్యాఘాతమున్నదంటే శంక ఉన్నట్లే గదా, ఇక అది శంకకు అవధి ఎట్లా అవుతుందని నిలదీశాడు. గంగేశుడు తత్త్వచింతామణిలో దీనికి బదులు చెప్పాడు. పొగ కావలసినవాడు నియమంగా నిప్పునే తెచ్చుకొంటున్నాడు, తృప్తి కోరినవాడు భోజనానికే కూర్చుంటున్నాడు. వారు ఆ కార్యకారణభావాన్ని శంకిస్తున్నామనడం మాట మాత్రమే. శంకా, అట్టి ప్రవృత్తీ ఒకచోట నిలువవు. ఇక్కడ వివాదాన్ని నిర్ణయించింది కేవలయుక్తి కాదు, కేవలదర్శనమూ కాదు. మనుష్యుని ప్రవృత్తి.

చూడని ధూమాలన్నిటి మాట ఇంకా మిగిలి ఉన్నది. ఒక ధూమంలో ధూమత్వాన్ని గ్రహించినప్పుడు ఆ సామాన్యమే సన్నికర్షమై సకలధూమాలూ అలౌకికప్రత్యక్షానికి గోచరిస్తాయని దీపిక బదులిస్తున్నది. రఘునాథశిరోమణి ఈ సామాన్యలక్షణను అంగీకరింపలేదు. కనుక ఇది సర్వసమ్మతం కాదు. అయినా తులనకు ఇది ముఖ్యమైన ఘట్టం. సార్వత్రికతను మనస్సే తననుండి అనుభవానికి అందిస్తుందని కాంట్ భావించాడు. నైయాయికునికి జాతి వస్తువులోనే ఉన్నది, అందుచేత అది గ్రాహ్యమే.

ప్రత్యక్షానికి అనుమానం తోడు

ఇంతవరకు అనుమానం ప్రత్యక్షంపై ఆధారపడడం చూచాము. దీనికి ప్రతిలోమం కూడ దీపికలోనే ఉన్నది. దూరాన నీరు కనబడింది. అది నీరా, ఎండమావియా? మీమాంసకుడు జ్ఞానప్రామాణ్యం స్వతస్సిద్ధమంటాడు. నైయాయికుడు అది పరతః తెలుస్తుందంటాడు. వెళ్లినవాడికి నీరు లభించినప్పుడు, సఫలప్రవృత్తిని కలిగించింది గనుక మునుపటి జ్ఞానం ప్రమ అని అనుమానిస్తాడు. కంటికి కనబడినదానికి సైతం ప్రామాణ్యముద్ర వేసేది అనుమానమన్నమాట.

ఇట్లయిన అన్యోన్యాశ్రయం రాదా? రాదు. ప్రత్యక్షం పుట్టడానికి అనుమానం అక్కరలేదు. ఇంద్రియసన్నికర్షం చాలును. దాని ప్రామాణ్యం తెలియడానికి మాత్రమే అనుమానం కావాలి. అనుమానం మాత్రం పుట్టడానికే ప్రత్యక్షాన్ని కోరుతుంది. ఉత్పత్తి, జ్ఞప్తి అనే ఈ భేదాన్ని గుర్తిస్తే చక్రం తెగిపోతుంది. ప్రతి జ్ఞానానికీ ఇట్టి పరీక్ష అవసరం లేదు. సంశయం కలిగినచోట మాత్రమే.

కనుక ఏది గొప్పదనే ప్రశ్న న్యాయశాస్త్రంలో ఆ రూపంలో పుట్టదు. ఏ సందర్భంలో ఏది దేనికి బాధకం, ఏది దేనికి సాధకం అనేదే అక్కడి ప్రశ్న. అగ్ని విషయంలో స్పర్శ అనుమానాన్ని బాధించింది. నీటి విషయంలో అనుమానం చూపును నిలబెట్టింది. వజ్రం విషయంలో ఒక దర్శనం నూరు దర్శనాలను సవరించింది. తర్కసంగ్రహాన్ని లక్షణవాక్యాల కంఠస్థానికే పరిమితం చేస్తే ఈ మూడు ఉదాహరణాలు మూడు వేర్వేరు ప్రకరణాలలో చెదరిపోతాయి. బాధితాన్ని, వ్యాప్తిగ్రహోపాయాన్ని, ప్రామాణ్యవాదాన్ని ఒకేచోట చేర్చి బోధిస్తే, హ్యూమ్, కాంట్ల ప్రశ్నలు మన విద్యార్థికి పరాయివిగా తోచవు. వారి సమాధానాలను మన సమాధానాలుగా పొరబడే అవకాశమూ ఉండదు.