పిల్లల బొమ్మలకు సొంత ముద్ర: ఆన్‌లైన్‌లో అమ్మే ముందు ఏం చూడాలి?



ట్యాబ్ మీద బొమ్మలు వేసే పిల్లలు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నారు. ఆ డిజైన్లను టీషర్టులు, కప్పులు, స్టిక్కర్ల మీద ముద్రించి అమ్మే వెబ్‌సైట్లూ ఉన్నాయి. ఆర్డరు వచ్చాకే సరుకు తయారుచేసే చోట పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు. అందుకే హైస్కూలు పిల్లలు "నేనూ అమ్ముతాను" అంటున్నారు. వెంటనే సరే అనకండి, వద్దని కొట్టిపారేయకండి. లోగో, ధర తర్వాత సంగతి. బొమ్మ చూడగానే అది మీ పాప వేసిందో, మీ బాబు వేసిందో తెలుస్తోందా? ముందు అది చూడండి.

మన శ్రీకాకుళం ఉదాహరణ

వడ్డాది పాపయ్య గారు 1921లో శ్రీకాకుళంలో ఒక డ్రాయింగ్ మాస్టారి ఇంట పుట్టారు. 'చందమామ', 'యువ' పత్రికలకు దశాబ్దాల పాటు ముఖచిత్రాలు వేశారు. పురాణ పాత్రలైనా, పల్లె పడుచులైనా, రుతువులైనా అవే ఒంపులు తిరిగిన గీతలు, అవే నిండు రంగులు. మూలన 'వ.పా.' అనే రెండక్షరాలు కనిపించకముందే పాఠకులు ఆ బొమ్మ ఎవరిదో చెప్పేసేవారు. ఈనాటి వ్యాపార భాషలో దాన్నే బ్రాండ్ అంటున్నాం. ఏళ్ల తరబడి ఒకే శ్రద్ధతో వేస్తే వచ్చిన గుర్తింపు అది.

ఆన్‌లైన్ దుకాణానికీ ఇదే వర్తిస్తుంది. ఒక డిజైను నచ్చి కొన్నవారు అలాంటిదే మరొకటి ఉందేమోనని వెతుకుతారు. ఈ వారం ఒక ట్రెండు, వచ్చే వారం ఇంకొకటి అనుకరిస్తే వాళ్లకు అక్కడ రెండోది దొరకదు.

ఇంట్లో చేయించదగినవి

• విషయం: ఒకే అంశం మీద పది బొమ్మలు వేయించండి. తేలినీలాపురం వలస పక్షులు, పైడితల్లి సిరిమాను, బొబ్బిలి వీణ, కళింగపట్నం లైట్‌హౌస్... పిల్లలు కళ్లారా చూసినదైతే మంచిది.
• రంగులు: ఐదారు రంగులు ఎంచుకుని, పది బొమ్మలకూ అవే వాడమనండి.
• గీత: సన్నమా, మందమా? చేతికి సహజంగా వచ్చేదే కొనసాగించనివ్వండి.
• పేరు: చిన్న సంతకం ఒకటి చాలు. భద్రత కోసం పిల్లల పూర్తి పేరు, ఫొటో, బడి పేరు పెట్టవద్దు.
• పరీక్ష: ఆ పదింటినీ వేరేవాళ్ల బొమ్మల్లో కలిపి బంధువులకు చూపండి. ఎక్కువ భాగం గుర్తుపడితే ముద్ర ఏర్పడుతున్నట్టే.

శైలి కుదరడానికి నెలలు కాదు, ఏళ్లే పట్టవచ్చు. ఒక బొమ్మ అమ్ముడుపోయిందని అదే మళ్లీ మళ్లీ వేయమని ఒత్తిడి చేస్తే పిల్లలకు బొమ్మల మీదే విసుగు పుడుతుంది. ఈ వయసులో కొత్తవి ప్రయత్నించే స్వేచ్ఛ ఉండాలి. అమ్మకానికి పెట్టే వరుస ఒకటి, సరదాకు వేసేవి వేరు అని విడదీస్తే సరిపోతుంది.

చట్టం ఏమంటుంది?

18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం మన దేశంలో చెల్లదు. కాబట్టి ఖాతా, బ్యాంకు వివరాలు, లెక్కలు తల్లిదండ్రులే చూసుకోవాలి. సొంతంగా వేసిన బొమ్మపై కాపీరైట్ వేసిన క్షణం నుంచే ఉంటుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా అసలు ఫైళ్లను తేదీలతో సహా దాచండి.

ఇతరుల హక్కులూ అంతే గట్టివి. సినిమా స్టిల్స్, కార్టూన్ పాత్రలు ముద్రించి అమ్మకూడదు. చిత్రకారులు మరణించాక కూడా 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. వ.పా. గారు 1992లో కన్నుమూశారు. ఆయన బొమ్మలు చూసి పిల్లలు గీత నేర్చుకోవచ్చు గానీ, వాటినే టీషర్టు మీద వేసి అమ్మడం కుదరదు.

చదువుకు అడ్డు రాకుండా వారానికి రెండు మూడు గంటలు కేటాయించండి. పది బొమ్మలు పూర్తయ్యాక, అమ్మకానికి పెట్టేముందు ఒకసారి ఆర్ట్ టీచరుకు చూపించండి.