మీకు తెలుసా? రోబో సొంతంగా కత్తి పట్టదు

బరువు తగ్గించే 'రోబో ఆపరేషన్'లో రోబో తనంతట తాను ఒక్క కుట్టు కూడా వేయదు. దాని చేతుల్ని కదిలించేది పక్కనే కన్సోల్ ముందు కూర్చున్న సర్జనే.

• ఊబకాయానికి రోబో సాయంతో తొలి ఆపరేషన్ 1998లో జరిగింది. బెల్జియం సర్జన్ కాడియేర్ బృందం జీర్ణాశయం పైభాగానికి బ్యాండ్ బిగించింది.

• సర్జన్ చేత్తోనే పరికరాలు పట్టి చేసే లాపరోస్కోపీలోనూ, రోబోతోనూ పెట్టేవి చిన్న గాట్లే. స్లీవ్ ఆపరేషన్‌లో రెండు పద్ధతుల్లోనూ జీర్ణాశయంలో సుమారు 75-80 శాతం తీసేస్తారు. తగ్గే బరువులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

• రోబో పరికరాలు మణికట్టులా తిరుగుతాయి, లోపలి దృశ్యం త్రీడీలో కనిపిస్తుంది. కుట్లు ఎక్కువగా పడే గ్యాస్ట్రిక్ బైపాస్‌కు, రెండోసారి చేసే ఆపరేషన్లకు ఇది వీలుగా ఉంటుంది. అయితే సాధారణంగా సమయం, ఖర్చు ఎక్కువ.

• తమిళనాడులోని అన్నూరు వాసులకు దగ్గర్లో ఉన్న కోయంబత్తూరు లాపరోస్కోపీకి పేరున్న చోటు. డాక్టర్ సి. పళనివేలు స్థాపించిన జెమ్ ఆసుపత్రి అక్కడిదే.

ఆపరేషన్‌కు ముందు 'ఏ మెషీన్?' అని కాదు, 'ఇలాంటివి మీరు ఎన్ని చేశారు?' అని డాక్టరుగారిని అడగండి.