బ్యాటరీకి బదులు సూపర్ కెపాసిటర్ సరిపోతుందా?

పాల సేకరణ కేంద్రాలు నడిపే ఋణగ్రహీతలు, ఇన్వర్టర్లు విక్రయించే డీలర్లు ఈ మధ్య తరచుగా ఒక విషయం అడుగుతున్నారు. బ్యాటరీ స్థానంలో సూపర్ కెపాసిటర్ అమర్చుకుంటే మళ్ళీ మార్చే పని ఉండదని విన్నామనీ, దానికి ఋణం లభిస్తుందా అనీ. ఋణం సంగతి తరువాత. ముందు ఆ పరికరం మీ అవసరానికి సరిపడుతుందో లేదో లెక్క చూసుకోవలసి ఉన్నది.

సీసపు బ్యాటరీ విద్యుత్తును రసాయనిక చర్య ద్వారా నిలువ చేస్తుంది. ఆ చర్య జరిగిన ప్రతిసారీ లోపలి పలకలు కొంత క్షీణిస్తాయి. సూపర్ కెపాసిటర్‌లో ఆ బాధ లేదు. సూక్ష్మ రంధ్రాలతో నిండిన ఉత్తేజిత కర్బనం ఉపరితలంపై విద్యుదావేశం చేరి నిలుస్తుంది. (ఈ కర్బనాన్ని కొబ్బరి చిప్పల బొగ్గు నుండి కూడా తయారుచేస్తారన్నది కోనసీమ పాఠకులకు ఆసక్తి కలిగించవచ్చును.) అందువలననే అది నిమిషాలలో, ఒక్కొక్కప్పుడు క్షణాలలోనే ఛార్జి అవుతుంది, లక్షల పర్యాయాలు వాడినా తట్టుకుంటుంది. సీసపు బ్యాటరీని ప్రతిసారీ పూర్తిగా ఖాళీ చేస్తూ వాడితే కొన్ని వందల పర్యాయాలకే నీరసిస్తుంది.

అయితే సూపర్ కెపాసిటర్ నిలువ చేసే శక్తి బహుస్వల్పం. 2.7 వోల్టుల, 3000 ఫారడ్ల సెల్ సుమారు అరకిలో బరువు ఉంటుంది. అందులో పట్టేది 3 వాట్-అవర్లు. వోల్టేజి సగానికి తగ్గేవరకు వాడుకుంటే చేతికి వచ్చేది అందులో ముప్పాతిక వంతే. పాల పరీక్ష యంత్రం, ఎలక్ట్రానిక్ కాటా, కంప్యూటర్ కలిసి 100 వాట్లు తీసుకుంటాయనుకుందాం. కరెంటు 4 గంటలు పోతే కావలసినది 400 వాట్-అవర్లు. అందుకు ఇటువంటి సెల్లులు సుమారు 175 కావాలి! 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఒక్కటి, సగం వరకే ఖాళీ చేసినా, ఆ పని చేస్తుంది. పైగా సూపర్ కెపాసిటర్‌ను వాడకుండా ఉంచితే దానంతట అదే ఛార్జి కోల్పోతుంది. వేడికి ఆయుష్షు తరుగుతుంది కనుక రేకుల షెడ్డు దానికి తగిన చోటు కాదు.

మరి ప్రయోజనం ఎక్కడ? కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపల. ఆరు సెల్లులను వరుసగా కలిపితే అదే 100 వాట్లను లెక్క ప్రకారం సుమారు 8 నిమిషాలు నడపగలవు. కంప్యూటర్ ఆగదు, అప్పుడే నమోదు చేస్తున్న రైతు పాల లెక్క చెరగదు. జనరేటర్ ఉన్న కేంద్రానికే దీనిని సూచిస్తాను. లేనివారికి బ్యాటరీయే మేలు.

కొటేషన్‌లో ఫారడ్లు మాత్రమే వ్రాస్తే చాలదు. వాడుకోదగిన వాట్-అవర్లు ఎన్ని, సెల్లుల మధ్య వోల్టేజిని సమం చేసే సర్క్యూట్ ఉన్నదా, లోపలి సెల్ ఏ రకం అన్నవి డీలర్లు వ్రాసి ఇవ్వవలెను. సూపర్ కెపాసిటర్ పేరుతో వచ్చిన పెట్టెలో లిథియం సెల్లులుంటే దాని ఆయుష్షు వేరు, అందుకు తగిన వాయిదాల గడువు కూడా వేరు.