పైథాన్ నేర్చుకోబోతే ఆదిలోనే హంసపాదా?

కొత్తగా ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన మనవాళ్ళు నాకు ఫోన్ చేసేది లూపులు అర్థం కాక కాదు. వర్క్ పర్మిట్ వచ్చి ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్న అక్కయ్యలు, మెకానికల్ నుంచి ఇటు వద్దామనుకునే తమ్ముళ్ళు, అందరిదీ ఒకటే మాట: "ఇన్‌స్టాల్ చేశానండీ, అయినా లేదంటోంది!" రెండు సాయంత్రాలు అలా పోయాక "ఇది మన వల్ల కాదులే" అని వదిలేసినవాళ్ళు నాకు తెలుసు. పాపం, ఇంకా ఒక్క ప్రోగ్రామైనా రాయలేదు వాళ్ళు!

కమాండ్ విండోలో పైథాన్ అని కొడితే కంప్యూటర్ డిస్కంతా వెతకదు. 'పాత్' అనే జాబితాలోని ఫోల్డర్లనే వరసగా చూసి, మొదట దొరికినదాన్ని నడుపుతుంది. విండోస్‌లో మామూలు ఇన్‌స్టాలర్ మొదటి తెర అడుగున, పాత్‌లో చేర్చమంటారా అని ఒక గడి ఉంటుంది. అందులో టిక్కు మనమే పెట్టాలి. మరిచిపోతే పైథాన్‌కి బదులు మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకోవచ్చు. అప్పుడు ఇన్‌స్టాలర్ మళ్ళీ నడిపి 'మాడిఫై'లో సరిచేయండి. ఆ తరువాత కమాండ్ విండో మూసి కొత్తది తెరవాలి. పాతదానికి మారిన జాబితా తెలియదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఒకే మెషీన్‌లో రెండు మూడు పైథాన్లు ఉండటం మామూలే. ప్యాకేజీలు తెచ్చిపెట్టే 'పిప్' దేనిది దానికే. మీరు పాండాస్ తెప్పించింది ఒకదానికి, ప్రోగ్రాం నడుపుతున్నది ఇంకోదానితో. అన్నగారింట్లో సామాను దింపించి తమ్ముడి వంటింట్లో వెతికితే ఎలా దొరుకుతుంది? అందుకే ఉత్త పిప్ అని కాక "పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ పాండాస్" అని కొట్టండి. ఏ పైథాన్‌ని పిలిచారో సామాను దానికే చేరుతుంది. ఇంకా అనుమానమైతే ప్రోగ్రాంలో 'సిస్.ఎగ్జిక్యూటబుల్' ప్రింట్ చేయండి. నడుస్తున్న పైథాన్ తన చిరునామా తనే చెబుతుంది. నన్నడిగితే, గంటల తరబడి గూగుల్ చేయడం కన్నా ఈ ఒక్క లైను మేలు.

ఇక ప్రతి ప్రాజెక్టుకీ వేరు కాపురం పెట్టించే 'వెన్వ్' 2012లో వచ్చిన 3.3 నుంచి పైథాన్‌తోనే వస్తోంది. డెబియన్ 12 లాంటి లినక్స్‌లలో సిస్టమ్ పైథాన్ మీద పిప్ నడపబోతే ఒప్పుకోదు. సిస్టమ్ సొంత పనిముట్లు దాని మీదే ఆధారపడ్డాయి మరి! బలవంతంగా చేయించే ఆప్షన్ ఒకటుంది, దాని జోలికి పోకండి, వెన్వ్ చేసుకోండి.

అన్నీ సరిగ్గా ఉన్నా ప్రింట్ దగ్గరే ఎర్రర్ వస్తోందా? మీ పాఠంలో ప్రింట్ తరువాత బ్రాకెట్లు లేకపోతే అది పైథాన్ 2 నాటిది. దానికి 2020 జనవరి 1తో కాలం చెల్లింది. ఇన్‌స్టాల్ చేసింది తీసేయకండి, పాఠం మార్చండి.