3.4 డైరీ నవలలో వ్యంగ్యం: బ్రిడ్జెట్ జోన్స్

ఉత్తమ పురుష కథనంలో హాస్యం ఎలా పుడుతుందో ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

బ్రిటిష్ రచయిత్రి హెలెన్ ఫీల్డింగ్ 1995లో 'ది ఇండిపెండెంట్' పత్రికలో బ్రిడ్జెట్ జోన్స్ అనే ఒంటరి లండన్ యువతి డైరీని శీర్షికగా మొదలుపెట్టారు. 1996లో అది నవలగా వచ్చింది. మూడవ నవల 'మ్యాడ్ అబౌట్ ది బాయ్' (2013) నాటికి బ్రిడ్జెట్‌కు 51 ఏళ్లు. భర్త మార్క్ డార్సీ మరణించాడు. ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ, ట్విట్టర్‌లోనూ డేటింగ్ సైట్లలోనూ మళ్లీ తోడు వెతుక్కుంటుంది.

ఇందులో హాస్యానికి రెండు ఆధారాలున్నాయి.

1. లెక్కలు: డైరీలో రోజువారీ రాతకు ముందు బరువు, తాగిన మద్యం వంటి అంకెలుంటాయి. ఇప్పుడు ట్విట్టర్ అనుచరుల సంఖ్య కూడా చేరింది. అన్నీ లెక్కకు వస్తాయి, ఒంటరితనం తప్ప.

2. రెండు 'నేను'లు: పరిచయాల కోసం తెరమీద చూపే 'నేను' ఒకటి, డైరీలో దాచుకోని 'నేను' మరొకటి. వీటి మధ్య దూరమే వ్యంగ్యం.

బ్రిడ్జెట్ ముందు తనను తాను వెక్కిరించుకుంటుంది. అందుకే "ఇంకా పెళ్లి కాలేదా?" అని అడిగేవారిని ఆమె ఎద్దేవా చేసినా పాఠకుడికి కటువుగా తోచదు.

డార్సీ మరణం చాలామంది అభిమానులకు నచ్చలేదు. అయితే ఆ దుఃఖం వల్లనే ఈ నవలలో నవ్వుకు బరువు వచ్చింది. హాస్య నవలను కాలక్షేపమని తీసిపారేసే ముందు, ఆ నవ్వు దేన్ని కప్పుతోందో చూడాలి.

స్వయం పరీక్ష: బ్రిడ్జెట్ కథను ప్రథమ పురుషలో చెబితే ఏం కోల్పోతాం? ఐదు వాక్యాల్లో రాయండి.