ప్రైవేటు ఫీజులకు ప్రభుత్వ సొమ్ము... ఊరి బడి నిధికి రక్షణ ఏదీ?

జూన్ నెల వచ్చిందంటే పల్లెల్లో రెండు దృశ్యాలు కనిపిస్తాయి. ప్రైవేటు పాఠశాలల పసుపు రంగు బస్సులు వీధివీధినా ఆగి పిల్లలను ఎక్కించుకుంటాయి. అదే వీధుల్లో ప్రభుత్వ ఉపాధ్యాయులు కరపత్రాలు చేతబట్టి, పిల్లలను బడిలో చేర్పించాలని ఇంటింటికీ తిరుగుతుంటారు. ఈ పోటీలో ప్రైవేటు బడి ఫీజును సైతం ప్రభుత్వమే భరించే ఏర్పాటు క్రమంగా విస్తరిస్తోంది. ఆ సొమ్ము ఎక్కడి నుంచి వెళ్తుంది, ఊరి బడిపై దాని ప్రభావం ఎలా ఉంటుంది అన్నవి ప్రతి తల్లీతండ్రీ తెలుసుకోవలసిన విషయాలు.

వోచర్ అంటే...

ప్రభుత్వం బడికి నిధులిచ్చే బదులు విద్యార్థి పేరిట సొమ్ము ఇచ్చి, నచ్చిన బడిలో చేరమనడమే వోచర్ విధానం. అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లో దీనిని ప్రతిపాదించారు. ఆ దేశంలోని మిల్వాకీ నగరంలో 1990లో అమలు మొదలైంది. మన దేశంలో ఆ పేరుతో పథకం లేకపోయినా, 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 12(1)(సి) సెక్షన్ దానికి దగ్గరగా ఉంటుంది. దీని ప్రకారం ప్రైవేటు పాఠశాలలు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లను బలహీన, అణగారిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. ఆ ఖర్చును ప్రభుత్వం తిరిగి చెల్లించాలి. సుప్రీంకోర్టు 2012లో ఈ నిబంధనను సమర్థించింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్రవేశాలు 2022-23 విద్యా సంవత్సరంలో మొదలయ్యాయి. అనాథలు, హెచ్ఐవీ బాధితులు, దివ్యాంగులకు 5 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 4 శాతం, ఇతర బలహీన వర్గాలకు 6 శాతం సీట్లు కేటాయించారు. ఏడాదికి ఒక్కో విద్యార్థికి పట్టణాల్లో రూ.8,000, గ్రామాల్లో రూ.6,500, గిరిజన ప్రాంతాల్లో రూ.5,100 చొప్పున ఫీజును 2023లో ఖరారు చేశారు. తల్లి ఖాతాలో పడే ‘అమ్మఒడి’ సొమ్ము నుంచే దీనిని కట్టాలని అప్పట్లో నిర్దేశించారు. అంటే తల్లి చేతి మీదుగా ప్రభుత్వ సొమ్ము ప్రైవేటు బడికి చేరింది.

చిక్కు ఎక్కడ?

పేద బిడ్డకు ప్రైవేటు బడిలో సీటు దక్కడం తప్పు కాదు. అది చట్టం ఇచ్చిన హక్కు. చిక్కల్లా లెక్కల్లో ఉంది. ఈ ఫీజుల భారాన్ని రాష్ట్రాలు కేంద్రం నుంచి కొంత రాబట్టుకోవచ్చు. అయితే ఆ మొత్తం సమగ్ర శిక్ష వార్షిక ప్రణాళికలో 20 శాతం మించరాదన్న పరిమితి విధించారు. ప్రభుత్వ బడులకు నిర్వహణ గ్రాంటు, ఉపాధ్యాయుల శిక్షణ వంటివి అందేదీ ఆ సమగ్ర శిక్ష నుంచే. ఒకే సంచిలో రెండు చేతులు పడినట్లయింది.

రెండోది విద్యార్థుల సంఖ్య. చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉపాధ్యాయులు ఉండాలి. 62 మంది ఉన్న బడి నుంచి ఇద్దరు పిల్లలు వెళ్లిపోతే మూడో ఉపాధ్యాయుడికి అర్హత పోతుంది. మిగిలిన ఇద్దరే ఐదు తరగతులు చూడాలి. సమగ్ర శిక్ష గ్రాంటుదీ అదే తీరు. వంద దాటిన బడికి రూ.50 వేలు ఇచ్చే నిబంధనలో, సంఖ్య వందకు తగ్గితే రూ.25 వేలే వస్తుంది. ముగ్గురు పిల్లలు తగ్గినంత మాత్రాన కరెంటు బిల్లు సగం కాదు, కురిసే కప్పు బాగుపడదు. తరగతులు ఊరు దాటిపోతే ఏమవుతుందో 2022లో వచ్చిన 117వ నంబరు జీవో చూపింది. 3, 4, 5 తరగతులను పలుచోట్ల ఉన్నత పాఠశాలలకు తరలించిన ఆ జీవోను 2025లో ఉపసంహరించారు.

మన పల్లెల్లోనే పరిశోధన

ప్రైవేటు బడికి పంపితే చదువు మెరుగవుతుందా అన్న ప్రశ్నకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలే సమాధానమిచ్చాయి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2008 నుంచి నాలుగేళ్లపాటు ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో లాటరీ ద్వారా వోచర్లు ఇచ్చి పరిశీలించారు. ఫలితాలు 2015లో వెలువడ్డాయి. వోచరు దక్కిన పిల్లలకు, దక్కని పిల్లలకు మధ్య తెలుగు, గణితంలో తేడా కనిపించలేదు. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో బోధించని హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు.

నాణేనికి రెండో వైపూ ఉంది. అదే ఫలితాన్ని ప్రైవేటు బడులు మూడో వంతు కంటే తక్కువ ఖర్చుతో సాధించాయి. అక్కడి ఉపాధ్యాయుల జీతాలు చాలా తక్కువగా ఉండటం దీనికి ముఖ్య కారణం. పిల్లలు వెళ్లిపోయిన ప్రభుత్వ బడుల్లో మిగిలినవారి చదువు దెబ్బతిన్నట్లు కూడా తేలలేదు. కనుక వోచరు వల్ల బడి వెంటనే కూలిపోతుందనడం అతిశయోక్తే. అయితే సంఖ్య తగ్గిన కొద్దీ పోస్టులు, గ్రాంట్లు తగ్గించే నిబంధనలు ఏళ్ల తరబడి పనిచేస్తే బలహీనపడేది ఊరి బడే.

పొరుగు రాష్ట్రాల అనుభవం

ప్రభుత్వ, ఎయిడెడ్ బడి దగ్గరలో ఉంటే ప్రైవేటు సీటుకు ప్రభుత్వం చెల్లించనక్కరలేదని కర్ణాటక 2018 డిసెంబరులో నిబంధన మార్చింది. హైకోర్టు 2019లో దానిని సమర్థించింది. కిలోమీటరు లోపు ప్రభుత్వ బడి ఉంటే మినహాయింపునిస్తూ మహారాష్ట్ర 2024 ఫిబ్రవరిలో తెచ్చిన నిబంధనను మాత్రం బొంబాయి హైకోర్టు అదే ఏడాది జులైలో కొట్టివేసింది. ఆ తీర్పులో జోక్యానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. అందువల్ల పేదల సీట్లు రద్దు చేసి బడి నిధిని కాపాడుకుందామన్న దారి ఇరుకైనది, న్యాయమైనదీ కాదు.

చేయదగినవి ఇవీ...

* ప్రైవేటు సీట్ల చెల్లింపులకు ప్రత్యేక పద్దు ఉండాలి. ప్రభుత్వ బడుల గ్రాంటు నుంచి కోత పెట్టరాదు.

* రాయితీపై స్థలం, భవనం పొంది ఉచిత విద్యకు అంగీకరించిన పాఠశాలకు ఆ మేరకు చెల్లింపు ఉండదని చట్టంలోని 12(2) సెక్షన్ చెబుతోంది. దానిని కచ్చితంగా అమలు చేయాలి.

* ప్రభుత్వమే పిల్లలను ప్రైవేటు సీట్లకు పంపిన చోట, ఆ తగ్గుదలను చూపి ఉపాధ్యాయ పోస్టును తరలించరాదు.

* మూడొంతులు తల్లిదండ్రులే సభ్యులుగా ఉండే పాఠశాల యాజమాన్య కమిటీ అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి. గ్రాంట్లకు ఆ ప్రణాళికే ప్రాతిపదిక కావాలని 22వ సెక్షన్ నిర్దేశిస్తోంది.

చాలా గ్రామాల్లో ఈ కమిటీ సమావేశం సంతకాలతోనే ముగిసిపోతోంది. ఎంతమంది పిల్లలున్నారు, ఎన్ని పోస్టులు రావాలి, ఈ ఏడాది గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్న నాలుగు ప్రశ్నలను తల్లిదండ్రులు తదుపరి సమావేశంలో అడిగి, జవాబులను తీర్మాన పుస్తకంలో రాయించాలి. పోస్టు తరలించే రోజున మండల విద్యాశాఖాధికారి ముందు ఊరి తరఫున నిలిచే ఆధారం ఆ పుస్తకమే.